నాన్న డబ్బాలో లంగర్లు

మొన్న నాన్న సంవత్సరీకాలు అయ్యాయి. వచ్చిన చుట్టాలందరూ సాయంత్రం బస్సులకి వెళ్లిపోయారు. అమ్మ అలసిపోయి పెందలాడే పడుకుంది. నేను స్టూలు వేసుకుని అటక మీదున్న పాత డాల్డా డబ్బా దించాను. ఏడాదిగా దాన్ని ఎవరం ముట్టుకోలేదు. మూత బిగుసుకుపోయి ఉంది. చెంచా కాడతో లేపితే టప్పుమని వచ్చింది. మూతతో పాటే ఆ వాసనా బయటికి వచ్చింది. తేనెమైనం, గుగ్గిలం, దీపం మసి, వాటి అడుగున ఎక్కడో పాత ఇత్తడి వాసన. అది నాన్న చొక్కా వాసన. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

లోపల అన్నీ పాత పంచె ముక్కల్లో కట్టిన మూటలు. ఒకదాంట్లో తీగలు కోసి కోసి గాట్లు పడ్డ కంచు రేకులు. ఒకదాంట్లో తీగలు ఆనే ఫిడేలు గుర్రాలు నాలుగైదు, అందులో ఒకదానికి కాలు విరిగింది. అంచున పచ్చగా చిలుం పట్టిన వీణ నాగపాశం ఒకటి. సుద్దముక్క, అరిగిపోయిన సబ్బుముక్క, సైకిలు పుల్ల వంచి చేసిన పనిముట్టు. అన్నిటికంటే కింద, అగ్గిపెట్టెలో దూది పరిచి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పెట్టిన నాలుగు లంగర్లు.

వీణ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. గమకాల గురించి, బాణీల గురించి, వాయించిన మహానుభావుల చేతుల గురించి రాస్తారు. తీగని ఎక్కడ కట్టారు, ఏం ఆధారంగా నిలబెట్టారు అనేది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మా నాన్న బతుకంతా అక్కడే గడిచింది. అందుకే ఇది రాయాలనిపించింది.

*

మా నాన్న వడ్రంగి. సంగీతం నేర్చుకున్నవాడు కాదు. కానీ విజయనగరంలో వడ్రంగం చేసేవాడికి వాయిద్యాలు ఎలాగోలా చేతికి వస్తాయి. 1919లో మహారాజావారు గాన పాఠశాల పెట్టించి ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టారు. ఫిడేలు చెప్పడానికి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వచ్చారు. 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు. అలాంటి ఊళ్లో వీధికో ఫిడేలు, సందుకో వీణ ఉండేవంటే ఆశ్చర్యమేముంది. వాయిద్యం ఉన్నచోట అది చెడిపోవడమూ ఉంటుంది. గుర్రం వంగుతుంది, తీగ బిగించే బిరడా జారుతుంది, పలక విడిపోతుంది. అప్పుడు వడ్రంగి కావాలి.

గంటస్తంభం వెనక సందులో మా కొట్టు. కొట్టంటే కొట్టు కూడా కాదు, ముందు రేకు వేసిన వసారా. పొద్దున పూట తలుపులు, కిటికీలు, మంచం కోళ్ల పని. చిత్రిక పడుతుంటే సర్రు సర్రుమని చప్పుడు, నేలంతా చుట్టలు చుట్టలుగా పొట్టు. మధ్యాహ్నం మూడు దాటాక ఆ చప్పుళ్లు ఆగిపోయేవి. కాలేజీ వదిలిన పిల్లలు వరసగా వచ్చేవారు. గుడ్డ సంచుల్లో ఫిడేళ్లు, దుప్పటి చుట్టిన వీణలు. నాన్న చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, ఇంకో చాప వేసుకుని కూర్చునేవాడు. తలుపుల పని చేసిన చాప మీద వాయిద్యం పెట్టేవాడు కాదు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

ఆ రెండో చాప మీద చప్పుళ్లు వేరు. ఆకురాయి సన్నగా గీరడం. మధ్యలో బొటనవేలితో తీగని ఒక్కసారి మీటడం. మళ్లీ గీరడం. మళ్లీ మీటడం. మీటిన ప్రతిసారీ నాన్న తల కొంచెం పక్కకి వాల్చేవాడు. ఆ శబ్దం పూర్తిగా అణిగేదాకా మాట్లాడితే కోప్పడేవాడు. మా తమ్ముడు తినేదాని కోసం ఏడుస్తూ వచ్చినా సరే, తీగ ఆగేదాకా ఏడుపు ఆపుకోవాల్సిందే.

స్వరాలు అన్నీ నాన్నకి తెలియవు. రాగాల పేర్లు కూడా తెలియవు. కానీ ఏ తీగ ఎక్కడ మొరాయిస్తోందో చెప్పేవాడు. "పాట బాగున్నాదో లేదో మేష్టర్లు చెప్తారు. తీగకి సుకంగా ఉన్నాదో లేదో నేను చెప్తాను" అనేవాడు.

*

మాటలన్నీ నాకు అక్కడే వచ్చాయి. వీణకి గుండ్రటి కుండ, పొడుగాటి దండి, రెండో వైపు కింద కాయ, కొసన చెక్కిన జంతువు తల యాళి. కుండ మీద మూతలాంటి పలక. పలక మీద గుర్రం. ఏడు బిరడాలు. కుండ చివర్న నాగపాశం.

నాగపాశం అనే మాట వినగానే నాకు ఇంద్రజిత్తు గుర్తొచ్చేవాడు. రాముడినీ లక్ష్మణుడినీ పాములతో కట్టి పడేసింది అదే కదా. ఒకరోజు అడిగేశాను. నాన్న చేతిలో ఉన్న వీణ కుండ తిప్పి చూపించాడు. తీగలన్నీ గుర్రం మీదుగా వచ్చి, కుండ చివర బిగించిన ఆ ఇత్తడి పట్టీ దగ్గర ఆగిపోతున్నాయి.

"ఇదీ అలాంటిదే. కాకపోతే దీని దగ్గరికి గరుత్మంతుడు రాకూడదు" అన్నాడు.

ఆ రాత్రి అన్నాలప్పుడు నేను అమ్మకీ తమ్ముడికీ ఆ మాట పదిసార్లు చెప్పాను.

గుర్రం అంటే తీగలు ఎక్కి కూర్చునేది. ఫిడేలుకీ గుర్రమే, వీణకీ గుర్రమే. దాన్ని పలకకి అతికించరు, మేకు కొట్టరు. తీగల బరువే దాన్ని అదిమి పట్టి ఉంచుతుంది. తీగలు వదులైతే పడిపోతుంది. ఆ సంగతి నేను చాలా కష్టపడి నేర్చుకున్నాను, తర్వాత చెప్తాను.

ఇక లంగరు. వీణ తీగని నేరుగా నాగపాశానికి కట్టరు. మధ్యలో లావుపాటి తీగని మడిచి చేసిన చిన్న కొక్కెం లాంటిది ఒకటి ఉంటుంది. దాని మీద అటూ ఇటూ జరిగే చిన్న ఉంగరం. అదే లంగరు. బిరడా తిప్పితే శ్రుతి ఒక్కసారిగా ఎక్కుతుంది, ఒక్కసారిగా దిగుతుంది. కచేరీ మధ్యలో వెంట్రుకవాసి తేడా సరిచేయాలంటే బిరడాతో కుదరదు. చేయి వెనక్కి పోనిచ్చి, ఆ ఉంగరాన్ని వేలి కొసతో రవ్వంత జరిపితే చాలు. చూసేవాళ్లకి చేయి ఎందుకు వెనక్కి వెళ్లిందో కూడా తెలియదు.

*

మా అమ్మ పుట్టిల్లు కళింగపట్నం దగ్గర. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. నాకు జ్ఞానం వచ్చేసరికి దీపస్తంభం, చేపల పడవలు, ఎండు చేపల వాసన మిగిలాయి. ఎండాకాలం సెలవులకి వెళ్తే మావయ్య సాయంత్రం పూట మమ్మల్ని ఒడ్డుకి తీసుకెళ్లేవాడు. ఒకసారి నాన్న కూడా వచ్చాడు. ఒడ్డుకి కొంచెం దూరంలో ఒక పడవ కెరటం వచ్చినప్పుడల్లా లేస్తోంది, దిగుతోంది, అటు తిరుగుతోంది, ఇటు తిరుగుతోంది. కానీ ఎక్కడికీ పోవట్లేదు.

"అది ఎందుకు కొట్టుకుపోదు మావయ్యా?"

"లంగరేసి ఉన్నాది గదే గుంటా."

నేను ఆగిపోయాను. లంగరు మా డబ్బాలో ఉండేది కదా. అగ్గిపుల్లంత ఉండేది అంత పడవని ఎలా ఆపుతుంది? ఆ మాటే పైకి అన్నాను. మావయ్యకి అర్థం కాలేదు. నాన్నకి అయింది. నాన్న అంతగా నవ్వడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని తడి ఇసకలో వేలితో కుండ గీశాడు, దండి గీశాడు, తీగ గీశాడు, దాని చివర చిన్న కొక్కెం గీశాడు. పక్కనే పడవ గీశాడు, తాడు గీశాడు, దాని చివరా అదే కొక్కెం గీశాడు.

"రెండూ ఒకటే మాట" అన్నాడు. తర్వాత పడవ వైపు చూపించాడు. "చూడు, ఊగతా ఉన్నాది. తాడు కొంచెం ఒగ్గి కట్టారు. మరీ బిగించీసినారనుకో, పెద్ద కెరటం వస్తే తెగిపోద్ది."

ఇంతలో నీళ్లొచ్చి కుండనీ పడవనీ తీసుకుపోయాయి. మావయ్య వేరుశనగలు కొనిపెట్టాడు.

*

మా వీధి చివర, అయ్యకోనేరు గట్టు వైపు, ఒక వీణ మామ్మగారు ఉండేవారు. ఆవిడ పేరు మాకెవరికీ తెలియదు. ఊరందరికీ వీణ మామ్మగారే. పొద్దున్నే స్నానం చేసి తడి జుట్టు ముడేసుకుని గంటసేపు వాయించుకునేవారు. ఆ తర్వాత పిల్లలకి పాఠం. ఆవిడ వీణ బొబ్బిలిది. ఏకాండి వీణ, అంటే కుండ నుంచి దండి దాకా ఒకే పనస మానులోంచి తొలిచింది. ఎక్కడా అతుకు లేదు. పాతబడి తేనె రంగు నుంచి చింతగింజ రంగుకి తిరిగింది.

ఒకసారి ఆవిడే స్వయంగా రిక్షాలో వీణ పెట్టుకుని కొట్టుకి వచ్చారు. మామూలుగా మనిషిని పంపేవారు.

"బాబూ, సారణి పలకట్లేదయ్యా. నాలుగు రోజుల నుంచి చూస్తున్నాను. నా వేలిదే తప్పేమో అనుకున్నాను."

సారణి అంటే మొదటి తీగ, పాటలో ఎక్కువ భాగం మోసేది. నాన్న వీణ ఒళ్లోకి తీసుకుని ఒక్కసారి మీటాడు. నాక్కూడా వినపడింది. గొంతులో కఫం అడ్డం పడ్డట్టు ఉంది.

"మీ వేలిది కాదమ్మగారూ, రేకుది" అన్నాడు.

ఆ రోజు చేసిన పని నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంది. వీణ గుర్రానికి పైన కంచు రేకు ఉంటుంది. తీగలు దాని మీద ఆనుతాయి. ఏళ్ల తరబడి ఆనితే ప్రతి తీగా తన చోట ఒక గాడి కోసుకుంటుంది. ఆ గాడిలో తీగ కూరుకుపోతే దానికి ఊగే చోటు ఉండదు. నాన్న సారణి ఒక్కదాన్నే వదులు చేసి పక్కకి తప్పించాడు. రేకుని వెలుగు వైపు తిప్పాడు. గోటితో తడిమాడు. నా చేయి పట్టుకుని నా గోటితోనూ తడిమించాడు. సన్నటి గాడి, గోరు టక్కున ఆగింది.

ఆకురాయి తీసుకుని నాలుగంటే నాలుగు సార్లు నడిపించాడు. ఊపిరి బిగబట్టి. ఆ తర్వాత నున్నటి రాయితో, కొబ్బరినూనె చుక్క వేసి, గుండ్రంగా. రేకు చదునుగా ఉండకూడదు, కంటికి కనపడనంత ఒంపు ఉండాలి. తీగ దాని మీద ఆనీ ఆననట్టు ఉండాలి. మొత్తం ఆనిపోతే మూగబోతుంది. ఒక్క అంచునే ఆనితే కీచుమంటుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న చోటుని నాన్న చూపుతో కనిపెట్టేవాడు కాదు. తీగ కింద నూలుపోగు ఒకటి దూర్చి మెల్లగా లాగేవాడు. పోగు ఎక్కడ పట్టుకుంటే అక్కడ తీగ ఆనుతున్నట్టు. మళ్లీ తప్పించడం, మళ్లీ రెండు సార్లు రాయి, మళ్లీ పోగు.

తంబురాకైతే ఆ పోగుని తీగ కింద అలాగే ఉంచేస్తారు. దాన్ని జీవ అంటారు. అది సరైన చోట కూర్చుంటే తంబురా తేనెటీగల పట్టులా మోగుతుంది. వీణకి పోగు ఉంచరు, కంచు ఒంపే ఆ పని చేయాలి.

సాయంత్రం దాకా పట్టింది. మామ్మగారు కదలకుండా బల్ల మీద కూర్చున్నారు. చివరికి నాన్న తీగ ఎక్కించి, లంగరు ఉంగరం సరిచేసి, వీణ ఆవిడ ఒళ్లో పెట్టాడు. ఆవిడ ఒక్క స్వరం మీటారు. అది అలా సాగుతూనే ఉంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు, పక్క కొట్టువాడు షట్టరు దించాడు, అయినా అది ఇంకా వినపడుతూనే ఉంది. ఆవిడ కళ్లు మూసుకున్నారు.

డబ్బులివ్వబోతే నాన్న తీసుకోలేదు. "మా గుంటకి నాలుగు ముక్కలు నేర్పండి" అన్నాడు. అలా నాకు వీణ వచ్చింది. పెద్దగా రాలేదు, గీతాలు దాటి వర్ణాల గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. కానీ వేలు తెగేదాకా సాధన చేసిన ఆ రెండేళ్లు నాకు పెద్ద ఆస్తి.

*

మెట్లు, అంటే దండి మీద తీగని నొక్కే అడ్డకడ్డీలు, వేసే పని మాత్రం నాన్న కొట్లో పెట్టుకునేవాడు కాదు. రాత్రి ఇంటి దగ్గరే. దానికి నిశ్శబ్దం కావాలి. వీణకి 24 మెట్లు, స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలు. ఫిడేలుకి మెట్లు లేవు, గిటారుకి చెక్కలో దిగగొట్టేసి ఉంటాయి. వీణకి మైనం మీద కూర్చుంటాయి. తేనెమైనంలో గుగ్గిలం, మసి వేసి కరిగించి, దండి మీద రెండు గట్లుగా పోసి, అది గోరువెచ్చగా ఉండగానే మెట్టు నిలబెట్టి, తీగ నొక్కి, విని, రవ్వంత జరిపి, మళ్లీ విని. అందుకే ఎండలు ముదిరితే మైనం మెత్తబడి మెట్లు కదిలేవి. విజయనగరంలో మే నెల వచ్చిందంటే నాన్నకి పని.

శ్రుతి చూడ్డానికి మామ్మగారి పెద్ద శిష్యురాలు ఒకావిడ వచ్చి కూర్చునేది. ఆవిడ "కొంచెం పైకి" అంటే నాన్న జరిపేవాడు. "ఆఁ" అంటే చేయి తీసేసేవాడు. వంటింట్లో కుంపటి మీద ఇనప గరిటెలో మైనం కరుగుతూ ఉండేది. పొగ ఇల్లంతా కమ్మేసేది. అమ్మ లోపల గదిలోంచి ప్రతిసారీ ఒకటే మాట: "కిటికీ తియ్యండీ, మసి గోడలకి పడతాది." నాన్న ప్రతిసారీ మర్చిపోయేవాడు.

ఆ మైనం వేళ్లకి అంటుకుంటే మర్నాటికి కూడా పోదు. బళ్లో నా పుస్తకాల నిండా నల్లటి వేలిముద్రలే. పంతులమ్మ అడిగితే మెట్లు వేశామని గర్వంగా చెప్పాను. ఆవిడకి అర్థం కాలేదు. మెట్లంటే మేడ మెట్లనుకుంది.

*

బొబ్బిలి వెళ్లిన రోజు. రాయపూరు వైపు వెళ్లే పాసింజరు ఎక్కాం. బొగ్గు ఇంజను. కిటికీ పక్కన కూర్చుంటే కళ్లలో నలకలు. గజపతినగరం దాటాక అంతా పచ్చటి పొలాలు, దూరంగా కొండలు. దొంకినవలసలో పనసతొనలు అమ్మకానికి వస్తే నాన్న కొన్నాడు. "తిను, ఆ చెట్టునే ఇప్పుడు చూడబోతన్నాం" అన్నాడు.

అప్పట్లో బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలోది. మా ఊరేమో విశాఖ జిల్లాలోది. 1979లో విజయనగరం జిల్లా చేసి రెండింటినీ ఒక గూటికి చేర్చారు. ఆ మాట వచ్చినప్పుడల్లా నాన్న మాత్రం "వీణకి జిల్లాలేటి" అనేసేవాడు.

బొబ్బిలి పక్కన గొల్లపల్లి. వీణలు చేసే ఊరు. సర్వసిద్ధి వారి ఇళ్లలో తరాలుగా అదే పని. నాన్న వాళ్ల ముందు చాలా వినయంగా ఉండేవాడు. ఆయన మరమ్మతు మనిషి, వాళ్లు పుట్టించే మనుషులు. ఆ తేడా ఆయనకి బాగా తెలుసు. వాకిట్లో పనస దుంగలు ఆరబెట్టి ఉన్నాయి. ఒకాయన దుంగలోంచి కుండ తొలుస్తున్నాడు. ఉలి దెబ్బకి లేచిన పెళ్ళలు పసుపు పచ్చగా, తడిగా, వాసనొస్తూ ఉన్నాయి. తొలిచేకొద్దీ పైనుంచి వేలితో కొట్టి వింటున్నాడు. ఎంత మందం ఉంచాలో కొలబద్ద పెట్టి చూడలేదు.

నాన్న అక్కడ కొన్నవి రెండే. నాగపాశం ఒకటి, లంగర్లు నాలుగు. డబ్బాలో మొన్న దొరికినవి అవే అనుకుంటున్నాను. తిరుగు రైల్లో వాటిని పైజేబులో పెట్టుకుని, మధ్యమధ్యలో చేత్తో తడిమి చూసుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడు బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సన్మానాలకి అద్దాల పెట్టెలో పెట్టిచ్చే చిన్న వీణలు అందరి ఇళ్లలో కనిపిస్తున్నాయి. సంతోషమే. ఎవరింట్లో కనపడినా నేను ముందు వంగి కుండ చివర చూస్తాను, నాగపాశం చేశారా లేదా అని.

*

ఇప్పుడు నా తప్పు చెప్తాను. నాకు పదేళ్లుంటాయి. ఒక హరికథ బృందం ఫిడేలు మా కొట్టుకొచ్చింది. శ్రీరామనవమి ముందు రోజులు, వాళ్లకి ఊరూరా కథలు. బిరడాలు బిగుసుకుపోయాయని ఇచ్చారు. తడి రోజుల్లో బిరడా ఉబ్బి తిరగదు, ఎండ రోజుల్లో జారిపోతుంది. జారితే సుద్ద, బిగుసుకుంటే సబ్బు. అంతే వైద్యం. నాన్న భోజనానికి వెళ్లాడు. నేను సాయం చేద్దామని నాలుగు తీగలూ ఒకేసారి వదులు చేసేశాను.

గుర్రం బోర్లా పడింది. తీగలు కట్టే నల్ల చెక్క, అదే టెయిల్ పీసు, వేలాడింది. ఆ పైన లోపల టక్ మని ఒక చిన్న చప్పుడు. ఫిడేలు ఎత్తితే లోపల ఏదో దొర్లుతోంది.

ఫిడేలు కడుపులో ఒక సన్నటి కర్ర నిలబెట్టి ఉంటుంది. పెన్సిలు కంటే సన్నం, సుమారు 6 మిల్లీమీటర్ల లావు. అందరూ సౌండ్ పోస్టు అంటారు, నాన్న లోపలి గుంజ అనేవాడు. సన్న తీగ వైపు గుర్రం కాలికి కాస్త వెనకగా, పై పలకకీ కింద పలకకీ మధ్య నిలబడి ఉంటుంది. దానికి బంక ఉండదు. పైనుంచి తీగలు గుర్రాన్ని నొక్కితే, ఆ నొక్కుడుకే అది నిలబడుతుంది. పైన శబ్దాన్ని కిందికి మోసేది అదే. నాలుగు తీగల లాగుడూ కలిపితే, పాశ్చాత్య శ్రుతిలో బిగించినప్పుడు, 20 కిలోలు దాటుతుంది. ఆ బరువంతా ఒక్కసారి తీసేస్తే గుంజ పడిపోతుంది. అందుకే తీగలు మార్చేటప్పుడు ఒకటి తీసి, ఒకటి వేసి, తర్వాత ఇంకోటి.

నాన్న వచ్చేసరికి నేను మూల నిలబడి ఏడుస్తున్నాను. ఆయన నన్నేమీ అనలేదు. ఫిడేలు తీసుకుని ఊపి విన్నాడు. సైకిలు పుల్ల వంచి చేసిన పనిముట్టు తీసి, మొనకి గుంజని గుచ్చి, పలక మీది వంకర కన్నంలోంచి లోపలికి దింపాడు. నిలబెట్టబోతే పడింది. మళ్లీ దింపాడు. వాలింది. బయట హరికథ వాళ్ల మనిషి రెండుసార్లు వచ్చి వెళ్లాడు, నాకు టెన్షన్. నాన్నకి చెమట్లు. చిన్న అద్దం ముక్క పట్టుకుని నన్ను లోపలికి చూడమన్నాడు. "నిటారుగా ఉన్నాదా? కింద ఎటు జరిగింది?" నేను కళ్లు తుడుచుకుంటూ "ఇటు నాన్నా, ఇంకొంచెం ఇటు" అని చెప్తూ ఉన్నాను. లాంతరు వెలిగించాల్సి వచ్చింది. ఎప్పటికో నిలబడింది. గుర్రం ఎత్తి, తీగలు ఒక్కొక్కటే బిగించి, కమాను వేసి ఒక గీత గీశాడు.

"నువ్వే నిలబెట్టినావు" అన్నాడు నాతో.

చాలా ఏళ్ల తర్వాత ఎక్కడో చదివాను, ఫ్రెంచి భాషలో ఆ గుంజని పిలిచే మాటకి ఆత్మ అని అర్థమట. నాన్నకి చెప్పాను. "మరేటనుకున్నావు" అన్నాడు.

*

సిరిమాను రోజు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. విజయదశమి వెళ్లిన మంగళవారం పైడితల్లి పండగ. ఊరు ఊరంతా రోడ్డు మీదే. అంత పొడుగు చింతమాను, దాని కొసన ఆసనంలో పూజారి, గుడి దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు. జనం అరటిపళ్లు విసురుతూ, దండాలు పెడుతూ, అందరి తలలూ పైకే. నన్ను భుజాల మీద ఎక్కించుకుని నాన్న మాత్రం కిందకి చూసేవాడు. మాను మొదలు బండికి ఎక్కడ కట్టారు, తాళ్లు ఎన్ని చుట్లు వేశారు, ఎక్కడ మేకు, ఎక్కడ చీల. సిరిమాను మా ముందు నుంచి వెళ్లిపోయాక "బాగా కట్టినారు" అని అప్పుడు దండం పెట్టుకునేవాడు.

ఒకసారి ఆ పండగ రోజుల్లోనే బుర్రకథ ఆయనొకడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. తంబురా గుర్రం విరిగిపోయింది, గంటలో కథ. నాన్న పక్కనున్న వెదురు గెడ కొస కోసి, బాడిసతో చెక్కి, పది నిమిషాల్లో గుర్రం చేసిచ్చాడు. ఆ రాత్రి మేం కథ చూడ్డానికి వెళ్లాం. నాన్న కథ వినలేదు. గుర్రమే చూస్తూ కూర్చున్నాడు. తెల్లవారుజాము దాకా నిలబడింది.

*

తర్వాత్తర్వాత పని తగ్గిపోయింది. తంబురా బదులు కరెంటు శ్రుతి పెట్టెలు వచ్చాయి. బటను నొక్కితే చాలు, జీవ అక్కర్లేదు, గుర్రం అక్కర్లేదు. ఫిడేళ్లకి గుర్రాలు తయారుగా పాకెట్లలో వస్తున్నాయి. హరికథలు తగ్గాయి. వీణ మామ్మగారు కొడుకు దగ్గరికి ఉత్తరాదికి వెళ్లిపోతూ, వీణని అంత దూరం రైల్లో తీసుకెళ్లలేనని మా ఇంట్లో పెట్టి వెళ్లారు. "వచ్చాక తీసుకుంటాలే బాబూ" అన్నారు. రాలేదు. గంటస్తంభం వెనక మా వసారా ఇప్పుడు సెల్‌ఫోను రీచార్జి కొట్టు.

నాన్న చివరి రోజుల్లో కొన్ని నెలలు హైదరాబాదులో మా దగ్గర ఉన్నాడు. చేతులు వణికేవి, టీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకునేవాడు. మా అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది. ఒకరోజు అది సాధన చేస్తుంటే నాన్న దగ్గరికి జరిగి కూర్చున్నాడు. టెయిల్ పీసు మీద నాలుగు చిన్న మరలు మెరుస్తున్నాయి.

"ఇవేటమ్మా?"

"ఫైన్ ట్యూనర్స్ తాతయ్యా. పైన బిరడా తిప్పితే ఎక్కువ మారిపోతుంది కదా. కొంచెమే మార్చాలంటే ఇక్కడ తిప్పుకోవచ్చు."

నాన్న వణికే వేలు ఆ మర మీద పెట్టాడు. పెట్టాక వణకలేదు. పావు చుట్టు తిప్పాడు. దానికేసి చూసి మీటమన్నట్టు సైగ చేశాడు. అది మీటింది. ఇంకొంచెం తిప్పాడు. తల పక్కకి వాల్చి విన్నాడు, ఆ శబ్దం అణిగేదాకా.

"లంగరే" అన్నాడు నాతో. "లంగరే గదే ఇది."

ఆ రోజంతా మా అమ్మాయికి కళింగపట్నం పడవ కథ చెప్పాడు.

*

మొన్న రాత్రి డబ్బా ముందు చాలాసేపు కూర్చున్నాక, గోడకి ఆనించి ఉన్న మామ్మగారి వీణ గలీబు విప్పాను. దుమ్ము తుడిచాను. మూడు తీగలు తుప్పు పట్టాయి, సారణి లంగరు లేదు, కిందికి రెండు మెట్లు పక్కకి వాలిపోయాయి. అగ్గిపెట్టెలోంచి లంగరు ఒకటి తీసి నాగపాశానికి తగిలించాను. డబ్బాలో కొత్త తీగ చుట్ట దొరికింది, అది కట్టాను. తీగ వేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది. గుర్రం మీద ఎక్కించి, బిరడాకి సుద్ద రాసి, మెల్లగా బిగించాను. ఒక మెట్టు చేత్తో ఆడిస్తే ఊడి చేతికే వచ్చేసింది. ఇక దాన్ని అలా వదిలేసి పడుకోబుద్ధి కాలేదు.

పొయ్యి మీద ఇనప గరిటె పెట్టి నాన్న మైనం ముద్దలోంచి ఒక తునక వేశాను. అంచుల నుంచి కరగడం మొదలుపెట్టింది. నల్లగా, మెరుస్తూ. దాని పొగ నెమ్మదిగా వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి గదిలోకి వెళ్లింది.

లోపలి నుంచి అమ్మ గొంతు, నిద్రలోనే: "కిటికీ తియ్యండీ. మసి గోడలకి పడతాది."

గరిటె చేత్తో పట్టుకునే వెళ్లి కిటికీ తీశాను.